మూడు రోజుల్లో తగ్గిన కుంటు మళ్లీ ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా ఇంట్లో ఆరేళ్ల మగ లాబ్రడార్ ఉన్నాడు. పేరు బ్రూనో, బరువు 42 కిలోలు. పోయిన శనివారం రాత్రి డాబా మెట్లు గబగబా దిగుతూ ఒక్కసారి కుయ్యిమని అరిచాడు. అప్పటి నుంచి కుడి వెనక కాలు ఎత్తిపెట్టి మూడు కాళ్లతో గెంతడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి మావారు పారాసిటమాల్ 650 మాత్రలో సగం పెరుగన్నంలో కలిపి పెట్టారు. మెడికల్ షాపు అబ్బాయి డైక్లోఫెనాక్ ఇచ్చాడు గానీ భయమేసి వెయ్యలేదు, ఆ స్ట్రిప్ ఇంట్లోనే ఉంది. బామ్ రాసి వేడి కాపడం పెట్టమని మా అత్తగారు అంటున్నారు. మంగళవారానికి చాలావరకు తగ్గి, కాలు మోపి నడిచాడు. గురువారం పిల్లిని చూసి గేటు దాకా పరిగెత్తాడు, కథ మళ్లీ మొదటికొచ్చింది. తిండి మామూలుగానే తింటున్నాడు, అరవడం లేదు. అంటే నొప్పి లేనట్టేనా? ఇంకొన్నాళ్లు ఇంట్లోనే చూడమంటారా, డాక్టరుకు చూపించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. చూపించండి. ఈ రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన అవసరం కనబడటం లేదు గానీ, ఇక ఎదురుచూడొద్దు. రేపో ఎల్లుండో పశువైద్యుడి ముందు ఉండాలి. బరువైన కుక్క, వెనక కాలు, ఒక్క క్షణంలో వచ్చిన కుంటు, కాస్త తగ్గి మళ్లీ తిరగబెట్టడం. ఈ నాలుగూ కలిసినప్పుడు నేను ముందుగా అనుమానించేది మోకాలి లిగమెంట్‌ని, అంటే కీలులో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీని. చెయ్యి పెట్టి చూడకుండా అదేనని తేల్చి చెప్పలేను. కానీ అది కాదని తేలేదాకా అదే అనుకుని జాగ్రత్తపడటం మంచిది.

అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోకండి. ఈ మాట నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కుక్క దెబ్బ తగిలిన ఆ క్షణంలో ఒకసారి అరుస్తుంది, తర్వాత నోరు మూసుకుని భరిస్తుంది. కాలు కింద పెట్టడం లేదంటేనే నొప్పి ఉన్నట్టు. అలవాటుకొద్దీ ఎవరూ మూడు కాళ్లతో నడవరు కదా. నొప్పి వేరే దారుల్లో బయటపడుతుంది. చల్లగా ఉన్న గదిలో కూడా రొప్పుతాడు. రాత్రి ఒకచోట పడుకోలేక లేచి చోటు మారుస్తుంటాడు. ఒకే కీలును అదేపనిగా నాకుతాడు. మీరు రాగానే ఎదురొచ్చేవాడు పడుకున్నచోటి నుంచే తోక ఊపుతాడు. ఇక తిండి సంగతి. ఎముక విరిగినా గిన్నె ఖాళీ చేసే లాబ్రడార్లను చూశాను. ఈ జాతి తిండి మానేసిందంటే కంగారుపడాలి గానీ, తింటోందని ధైర్యం తెచ్చుకోకూడదు.

మనుషుల్లో ఈ లిగమెంట్ ఎక్కువగా ఆటలో ఒక్క దెబ్బకు తెగుతుంది. కబడ్డీ ఆడేవాళ్లకు, ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు ఏసీఎల్ (మన మోకాలిలో ఈ లిగమెంట్ పేరు) తెగిందని వింటుంటాం. కుక్కల్లో చాలావరకు అలా జరగదు. బావి గిలక మీద తాడు ఒక్కో పోగూ తెగుతూ వచ్చినట్టు, నెలల తరబడి లోపల అరిగి అరిగి, ఒకరోజు మెట్లు దిగడంలాంటి మామూలు పనికే తెగిపోతుంది. అందుకే 'మెట్లేగా దిగాడు, ఇంతలో ఏమవుతుంది' అనిపిస్తుంది. ఒకసారి బ్రూనో ఎలా కూర్చుంటున్నాడో గమనించండి. కుక్క సరిగ్గా కూర్చుంటే రెండు వెనక కాళ్లూ శరీరం కిందికి ముడుచుకుని ఉంటాయి. మోకాలు పాడైన కుక్క ఆ కాలిని పూర్తిగా మడవలేక పక్కకు చాపి, ఒరిగి కూర్చుంటుంది. నిలబడ్డప్పుడు వేళ్ల చివర్లు మాత్రమే నేలకు ఆనిస్తుంది. ఇవి కనిపిస్తే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మంగళవారం తగ్గడం, గురువారం తిరగబెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మొదటి రెండు రోజుల వాపు దిగగానే కాలు మోపుతారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, గొలుసు విప్పేస్తారు. లోపల కీలు మాత్రం వదులుగానే ఉంటుంది. సగమే తెగిన లిగమెంట్ ఒక్క పరుగుతో పూర్తిగా తెగిపోవచ్చు. కీలు మధ్యలో మెత్తగా ఉండే మెనిస్కస్ నలిగిపోవచ్చు, అప్పుడు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మీ తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. ఇకముందు మాత్రం, వాడు బాగా నడుస్తున్నాడనిపించిన రోజే గొలుసు ఇంకా గట్టిగా పట్టుకోండి.

ఇప్పుడు మందుల సంగతి. కుంటడం కంటే నాకు ఎక్కువ భయం ఇక్కడే. డైక్లోఫెనాక్ వెయ్యకుండా ఆగారే, చాలా మంచి పని చేశారు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్, ఇంకా వీటిని పారాసిటమాల్‌తో కలిపి అమ్మే మాత్రలు ఏవీ ఇంట్లోవాళ్లు సొంతంగా కుక్కకు వెయ్యకూడదు. మన ఒంట్లో కొన్ని గంటల్లో పనైపోయే మందు కుక్క ఒంట్లో అంత త్వరగా కరిగిపోదు. కడుపులో పుండ్లు పడతాయి, నల్లటి తారులాంటి విరేచనం అవుతుంది, వాంతిలో రక్తం పడుతుంది, మోతాదు ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. కాలు నొప్పితో వచ్చిన కుక్క కాలు బాగై కిడ్నీ పోయి చనిపోవడం కంటే బాధాకరమైనది మా వృత్తిలో తక్కువ. పశువైద్యంలో డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఎక్కించిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చనిపోతున్నాయని తేలడంతో ఆ పని చేశారు. నిషేధం రాబందుల కోసం వచ్చినా, కుక్కకూ అది పనికొచ్చే మందు కాదు.

మీవారు వేసిన సగం పారాసిటమాల్ గురించి టెన్షన్ పడకండి. సగం అంటే 325 మిల్లీగ్రాములు. 42 కిలోల బ్రూనోకు కిలోకు 8 మిల్లీగ్రాముల లోపే పడింది, ఆ ఒక్క మోతాదుతో హాని జరిగే అవకాశం తక్కువ. కానీ అదే సగం మాత్ర మూడు కిలోల పొమరేనియన్‌కు వేస్తే కిలోకు 100 మిల్లీగ్రాములు దాటుతుంది. లివర్‌ని దెబ్బతీసే స్థాయి అది. పిల్లికైతే పారాసిటమాల్ ఎంత కొంచెమైనా విషమే, ఒక్క మాత్ర ప్రాణం తీసేస్తుంది. 'పక్కింటి కుక్కకు వేస్తే ఏమీ కాలేదు' అనే మాట మీద నమ్మకం పెట్టుకోకూడదని చెప్పడానికే ఈ లెక్క రాశాను. బ్రూనోకు ఇంకో మోతాదు వెయ్యకండి. ఏం మందు, ఎంత, ఏ రోజు వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. తిడతారేమోనని చాలామంది చెప్పరు. మేము రాసే నొప్పి మందు అంతకుముందు వేసిన దాన్ని బట్టి ఉంటుంది. రెండు రకాల నొప్పి మందులు, లేదా నొప్పి మందూ స్టెరాయిడూ ఒంట్లో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. కుక్కల కోసం మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్‌లాంటి మందులున్నాయి. బరువు చూసి, అవసరమైతే రక్తపరీక్ష చేసి, ఎన్ని రోజులో చెప్పి రాస్తారు. మనుషుల మెలాక్సికామ్ మాత్ర ఇంట్లో ఉందని అది విరిచి వెయ్యొద్దు.

మీ అత్తగారు ప్రేమతోనే చెబుతున్నారు, కాదనను. కానీ నొప్పి బామ్‌లలో కర్పూరం, మిథైల్ సాలిసిలేట్‌లాంటివి ఉంటాయి. మనం రాసి చేతులు కడుక్కుంటాం, కుక్క దాన్నంతా నాకి మింగుతుంది. నొప్పి జెల్లులు, స్ప్రేలూ అంతే, వాటిలో చాలావాటిలో ఆ డైక్లోఫెనాకే ఉంటుంది. వేడి కాపడం ఇప్పుడు వద్దు, కొత్త దెబ్బకు వేడి తగిలితే వాపు పెరుగుతుంది. గురువారం మళ్లీ దెబ్బతింది కాబట్టి ప్రస్తుతానికి చల్లటి కాపడమే మంచిది. ఐసు ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి, పలచటి తువ్వాలు చుట్టి, మోకాలి మీద 10 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. వాడు ఒప్పుకుంటేనే. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకండి. ఆవిడను వాడి పక్కన కూర్చుని తల నిమరమనండి, నిజంగా అది పనికొస్తుంది. ఆందోళన తగ్గిన కుక్క కదలకుండా పడుకుంటుంది. మర్దనా చెయ్యడం, కాలు లాగి సరిచేయడం, కర్రముక్కలు పెట్టి కట్టు కట్టడం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి. బిగుతు కట్టు కింద రక్తప్రసారం ఆగిపోయి పాదం కుళ్లిన కేసులు వస్తుంటాయి.

కుక్క ఉన్నట్టుండి కుంటితే ఎవరైనా ఇంట్లో చెయ్యదగ్గ పరీక్ష ఒకటుంది. ముందు ఫోన్‌లో వీడియో తియ్యండి, గొలుసు పట్టుకుని ఎవరైనా నెమ్మదిగా నడిపిస్తుంటే పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. హాస్పిటల్ వాసన తగిలిందంటే భయానికో ఉత్సాహానికో చాలా కుక్కలు నాలుగు కాళ్లతో నిక్షేపంగా నడుస్తాయి, అప్పుడు మాకు ఆ వీడియోనే ఆధారం. ముందు కాలు నొప్పైతే, ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది. వెనక కాలైతే ఆ వైపు తుంటి ఎగురుతుంది. ఆ తర్వాత దాన్ని పడుకోబెట్టి, బాగున్న కాలితో మొదలుపెట్టి, రెండు కాళ్లనూ పోల్చుకుంటూ చూడాలి. టార్చి వేసి పాదం కింది మెత్తలు, వేళ్ల సందులు, గోళ్లు, పక్కన ఉండే బొటనగోరు చూడండి. మన దగ్గర కుంటే కుక్కల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. తుమ్మముల్లు, పల్లేరుకాయ, గాజుపెంకు, మొదట్లోకి చీలిన గోరు, వేళ్ల మధ్య చీముగడ్డ. ఎండాకాలంలో మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే మెత్తలు కాలి పొరలు లేస్తాయి. పైకి కనిపించే ముల్లయితే తీసి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. లోతుగా దిగితే కెలకొద్దు.

ఇలా చూసేటప్పుడు ఎంత మంచి కుక్కైనా నొప్పికి కరవవచ్చు. మొహం దగ్గర మొహం పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పంటిగాటు పడితే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, మన కుక్కేగా అనుకోకుండా అదేరోజు డాక్టరుకు చూపించుకోండి.

ఇంకో విషయం, మన ప్రాంతంలో ఇది మరిచిపోకూడనిది. పిడుదుల జ్వరం. పిడుదుల్ని కొన్ని ఊళ్లలో గోమార్లంటారు, చెవుల్లో, వేళ్ల సందుల్లో పట్టుకుని రక్తం తాగే పురుగులు. వీటివల్ల వచ్చే ఎర్లికియా అనే జబ్బులో కీళ్లు వాచి కుక్క కుంటుతుంది, ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు. ఇంట్లోవాళ్లు ఎక్కడో దూకి దెబ్బ తగిలించుకుందనుకుంటారు. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ స్థితిలో ఐబూప్రోఫెన్‌లాంటిది వేస్తే రక్తస్రావం ఆగదు. నొప్పి మాత్ర వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం. బ్రూనో హుషారు తగ్గినా, పొట్ట మీద గానీ చిగుళ్ల మీద గానీ ఎర్రటి చుక్కలు కనిపించినా, ముక్కు నుంచి రక్తం కారినా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఏమీ లేకపోయినా, ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఒకసారి చేయించెయ్యండి. థర్మామీటరు ఉంటే కొసకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడొచ్చు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. మనకు జ్వరమనిపించేది దానికి జ్వరం కాదు. 103 దాటితే లెక్కలోకి తీసుకోవాలి, 104 దాటితే అదేరోజు చూపించాలి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. పగ్, పొమరేనియన్, షిట్జులాంటి చిన్న జాతులు నడుస్తూ నడుస్తూ రెండడుగులు కాలెత్తి గెంతి మళ్లీ మామూలుగా నడిస్తే, మోకాలి చిప్ప పక్కకు జరుగుతోందేమో చూపించండి. ఏడాదిలోపు జర్మన్ షెపర్డ్ పిల్లలు కాళ్లు మార్చి మార్చి కుంటితే ఎదుగుదలలో వచ్చే ఎముక నొప్పి కావచ్చు, తుంటి కీలు లోపమూ కావచ్చు. పెద్ద జాతి ముసలి కుక్క ఏ దెబ్బా లేకుండా కుంటుతూ ఎముక మీద గట్టి వాపు కనిపిస్తే ఒక్క వారం కూడా ఆలస్యం చెయ్యకండి, ఎముక క్యాన్సర్ అలాగే మొదలవుతుంది.

తెల్లారేదాకా ఆగకూడని పరిస్థితులు కొన్నున్నాయి. కాలు వంకరపోయినా, ఎముక బయటికి వచ్చినా, శుభ్రమైన బట్టతో 10 నిమిషాలు గట్టిగా అదిమినా రక్తం ఆగకపోయినా. బండి గుద్దిన కుక్క లేచి నడుస్తున్నా సరే, లోపల రక్తస్రావం గంటల తర్వాత తెలుస్తుంది. చిగుళ్లు తెల్లగా పాలిపోవడం. రెండు వెనక కాళ్లూ తూలడం, పాదం తిరగబడి పైభాగంతో నేలను ఈడ్చడం, మూత్రం పోయలేకపోవడం. ఇది కాలి జబ్బు కాదు, వెన్నుపూస డిస్కు నరాన్ని నొక్కుతోందన్నమాట. డాక్స్‌హండ్లలో ఎక్కువగా చూస్తాం, ఇందులో మొదటి 24 గంటలు చాలా విలువైనవి. పొదల్లోకో గడ్డివాము దగ్గరికో వెళ్లొచ్చిన కుక్క కాలు గంటలో ఉబ్బిపోతే పాము అనుకోవాలి. రక్తపింజరి కాటుకు వాపు అలాగే వస్తుంది. తాడు కట్టడం, గాటు పెట్టడం చెయ్యకుండా, నడిపించకుండా ఎత్తుకెళ్లాలి. పల్లెల్లో డాక్టరు ఎక్కడున్నాడో తెలియకపోతే సంచార పశువైద్యశాల నంబరు 1962కు ఫోన్ చెయ్యొచ్చు. అది ముఖ్యంగా పాడిపశువుల కోసం పెట్టింది, అయినా దగ్గర్లో ఎవరున్నారో అడగడానికి పనికొస్తుంది.

బ్రూనో దగ్గరికి వద్దాం. డాక్టరును చూసేదాకా, చూశాక కూడా, వాడికి అసలు మందు విశ్రాంతే. విశ్రాంతి అంటే ఇల్లంతా తిరగనిచ్చి బయటికి తీసుకెళ్లకపోవడం కాదు. ఒక చిన్న గదిలోనో, వరండాలో మంచాలు అడ్డంపెట్టిన మూలనో ఉంచాలి. మూత్రానికీ మలానికీ మాత్రమే పొట్టి గొలుసుతో తీసుకెళ్లి వెంటనే తిరిగి తేవాలి. డాబా తలుపు మూసెయ్యండి. సోఫా ఎక్కనివ్వకండి. మన ఇళ్లలో నున్నటి టైల్సు, గ్రానైటు మోకాలు పాడైన కుక్కకు పెద్ద శత్రువులు. వాడు నడిచేచోట గోనెసంచులు, పాత జంపఖానాలు, యోగా మ్యాటు, ఏదైనా జారనిది పరవండి. గోళ్లు పెరిగి ఉంటే కత్తిరించండి, పట్టు దొరుకుతుంది. లేపేటప్పుడు పొట్ట కింద, వెనక కాళ్లకు ముందుగా, తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే వాడి బరువు కొంత మీరు మోసినట్టవుతుంది.

ఖమ్మంలో ఎక్స్‌రే ఉన్నచోటికే తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు. కీలులో నీరు చేరిందా, అరుగుదల ఉందా, ఎముకకు ఇంకేమైనా జబ్బుందా అన్నది తెలుస్తుంది. లిగమెంట్ సంగతి డాక్టరు చేత్తో కీలును ముందుకూ వెనక్కూ కదిపి పట్టుకుంటారు. వాడు కండలు బిగపట్టకుండా మత్తు ఇవ్వాల్సి రావచ్చు, భయపడకండి. తెగిందని తేలితే, వాడి బరువుకు విశ్రాంతితోనే కీలు గట్టిపడటం కష్టం. 15 కిలోల లోపు చిన్న కుక్కలు కొన్ని ఆపరేషన్ లేకుండా నెట్టుకొస్తాయి, 42 కిలోల లాబ్రడార్‌కు మాత్రం ఆపరేషనే మేలని నా అభిప్రాయం. టీపీఎల్‌ఓ అనే పద్ధతిలో మోకాలి కింది ఎముక పైభాగాన్ని కోసి, వాలు మార్చి, ప్లేటుతో బిగిస్తారు. ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దీనికి అనుభవమున్న సర్జన్ కావాలి. హైదరాబాదులో కొన్ని ప్రైవేటు హాస్పిటళ్లలో చేస్తారు. ఖర్చు భారమనిపిస్తే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోగానీ, మీకు ఇంకాస్త దగ్గరగా ఉండే గన్నవరం కళాశాలలోగానీ ముందు అడిగి చూడండి, అక్కడి ఆసుపత్రుల్లో కుక్కల్నీ చూస్తారు.

బరువు గురించి చెప్పకుండా వదలలేను. మగ లాబ్రడార్ 36 కిలోలు దాటడం మంచిది కాదు. బ్రూనో మోకాళ్లు ప్రతి అడుగులోనూ ఆ ఎక్కువ బరువు మోస్తున్నాయి. ఒక మోకాలి లిగమెంట్ పోయిన కుక్కల్లో చాలావాటికి తర్వాతి ఒకటి రెండేళ్లలో రెండోదీ పోతుంది. దాన్ని ఆపడానికి మీ చేతిలో ఉన్నది గిన్నె ఒక్కటే. పెరుగన్నంలో అన్నం సగానికి తగ్గించి, ఆ చోట ఉడికించిన సొరకాయ, బీన్స్, కాస్త చికెన్ వెయ్యండి. ఉల్లిపాయ తగలని చికెన్, ఎముకలు లేకుండా. ఇంట్లో ప్రతిఒక్కరూ తలా ఒక బిస్కెట్ పెట్టడం మానాలి, ఈ విషయంలో అందరూ ఒక మాట మీద ఉండాలి. పక్కటెముకలు చేత్తో తడిమితే సులభంగా తెలిసే దాకా తగ్గాలి.

వెళ్లేముందు క్లినిక్‌కు ఫోన్ చేసి మత్తు ఇచ్చే అవకాశం ఉందా అని అడగండి. ఉంటే ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపమంటారు, నీళ్లు పెట్టొచ్చో లేదో అదీ అడగండి. కారెక్కించేటప్పుడు దూకనివ్వకండి. దుప్పటి పరిచి, దాని మీద పడుకోబెట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తాలి. పారాసిటమాల్ స్ట్రిప్పు, డైక్లోఫెనాక్ స్ట్రిప్పు, టీకాల పుస్తకం, వీడియో ఉన్న ఫోన్ వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీశాక డాక్టరు ఏమన్నారో, ఆపరేషన్ చెప్పారో లేదో రాయండి. ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఏ వారం ఎంత నడిపించాలో విడిగా వివరంగా రాసి పంపిస్తాను.